ముప్ఫై రెండో ఫొటో

నేను లెక్కల సారును. పేరు ఆశీర్వాదం. మోదుగుపల్లె హైస్కూల్లో పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు మీరు వినబోయే రభస అంతా ముప్ఫై ఒకటికీ ముప్ఫై రెండుకీ తేడా చూసుకోని ఒక మనిషి వల్ల జరిగింది. ఆ మనిషిని నేనే.

ఆ ఏడాది మా బడిలో పదో తరగతి పరీక్ష రాసిన ముప్ఫై ఒక్క మందీ పాసయ్యారు. బడి పెట్టిన తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఏటా నలుగురో ఐదుగురో ఆగిపోయేవారు. వాళ్ళలో ఎక్కువమంది నా సబ్జెక్టులోనే ఆగిపోయేవారు. ఈసారి లెక్కలు కూడా అందరి మీదా దయ చూపించాయి. పైగా సృజన అనే అమ్మాయి మండలం మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. వాళ్ళ బాపు దుబాయిలో క్రేను నడుపుతాడు. ఫలితాలు వచ్చిన రోజు క్రేనులో కూర్చునే వీడియో కాల్ చేసి, కూతురి మార్కులు నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

అదే వేసవిలో పాత సామాన్ల గది సైన్స్ ల్యాబ్ అయింది. పక్క గదిలోకి పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. మరుగుదొడ్లకు తలుపులు కూడా వచ్చాయి. ఇవన్నీ ఊరి కళ్ళబడాలని మా హెడ్మాస్టర్ ప్రిస్కిల్లా మేడం పట్టుదల. రోజూ పొద్దున జమ్మికుంట ప్రైవేటు బళ్ళ పసుపుపచ్చ బస్సులు మా గేటు ముందే ఆగి మా ఊరి పిల్లల్ని ఎక్కించుకుని పోతాయి. ఆ బస్సుల కిటికీల్లోంచి చదవగలిగేంత పెద్ద ఫ్లెక్సీ కట్టాలని ఆమె అన్నారు. జూన్ చివరి శనివారం సభ పెట్టుకున్నాం. జిల్లా విద్యాధికారి, అంటే డీఈఓ గారు, వస్తానని ఒప్పుకున్నారు. అధ్యక్షత మా విద్యా కమిటీ చైర్మన్ అంతయ్యది.

అంతయ్య గురించి కొంచెం చెప్పాలి. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు లేకుండా గడప దాటడు. ఊళ్ళో ఎవరికి దరఖాస్తు కావాలన్నా ఆయనే రాస్తాడు, వేరేవాళ్ళు రాస్తే ఆయనే దిద్దుతాడు. ఏ మాట మొదలుపెట్టినా చివరికి తన పదో తరగతి దగ్గరికే తీసుకొస్తాడు. చిన్నప్పుడు ధర్మపురిలో మేనమామ ఇంట్లో ఉండి చదివాడట. ఆ రోజుల్లో మా ఊళ్ళో టెన్త్ పాసైనవాడు ఆయన ఒక్కడేనట. మా స్టాఫ్ రూములోకి ఎప్పుడొచ్చినా, మేం బీఈడీలు చేసినవాళ్ళమని తెలిసి కూడా, ఒక మాట అనకుండా వెళ్ళేవాడు కాదు.

"గా జమాన్ల టెన్త్ అంటే గిప్పటి డిగ్రీ లెక్క సారూ. మీరేమనుకోవద్దు."

మేం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. పిలవగానే బడికి వచ్చే చైర్మన్ దొరకడం కష్టం.

ఆయన భార్య దేవవ్వ మా బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. వంటపాక నా తొమ్మిదో తరగతి గదికి ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఒక కిటికీ. పోపు వాసన వచ్చిందంటే నా పీరియడ్ ఇంకో ఇరవై నిమిషాలే ఉందని పిల్లలకు తెలిసిపోతుంది. దేవవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రెండేళ్ళుగా సాయంత్రం నాలుగున్నర తర్వాత హెడ్మాస్టర్ గదిలో మేడమూ ఆమే తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవారు. కోడిగుడ్లు సమయానికి రావడం లేదని ఏదో పంచాయితీ నడుస్తోందనుకున్నాను. రెండేళ్ళ పాటు గుడ్ల గురించి ఏం మాట్లాడతారన్న అనుమానం నాకు రాలేదు.

సభకు మూడు రోజుల ముందు మేడం మీటింగు పని మీద కరీంనగర్ వెళ్ళారు. అక్కడినుంచే పిల్లల ఫొటోలు, ఒక్కొక్క ఫొటో కింద పేరూ మార్కులూ రాసి, నా ఫోనుకు పంపారు. వాటిని ఫ్లెక్సీ షాపుకు పంపించే పని నాది. అప్పుడు నేను మా తమ్ముడి కూతురి నిశ్చయతాంబూలాల్లో ఉన్నాను. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను. ఒక చేతిలో లడ్డూ, ఒక చేతిలో ఫోను. ఫొటోలన్నీ ఒకేసారి నొక్కి షాపుకు పంపేశాను. అరగంటకు షాపతను ఫోన్ చేశాడు. పైన ముప్ఫై ఒకటికి ముప్ఫై ఒకటి అని రాయమన్నారు, ఫొటోలు ముప్ఫై రెండు వచ్చినయి, అన్నీ వెయ్యమంటారా అని అడిగాడు. పక్కన బ్యాండు మోగుతోంది. నాకు వినబడింది 'అన్నీ వెయ్యమంటారా' అన్న ముక్క ఒక్కటే. వెయ్యమన్నాను.

శనివారం పొద్దున ఎనిమిది గంటల బస్సు మీద ఫ్లెక్సీ వచ్చింది. అటెండర్ లింగమూర్తి దాన్ని గేటు పక్క కంచెకు కట్టాడు. నేను తొమ్మిదికి స్కూటర్ దిగేసరికి గేటు ముందు ముప్ఫై నలభై మంది మూగి ఉన్నారు. జనం ఇంత ఇష్టంగా మా ఫ్లెక్సీ చూస్తున్నారని సంతోషించాను. దగ్గరికి వెళితే నవ్వులు వినబడ్డాయి.

ఎడమ పక్క పైన సృజన. కుడి పక్క, సృజన ఫొటోకు ఒకటిన్నర రెట్లు పెద్దగా, చుట్టూ తామరపూల అంచుతో, నుదుట రూపాయంత బొట్టుతో దేవవ్వ. కింద 'ఎ. దేవవ్వ, 287 మార్కులు' అని ఎర్ర అక్షరాలు. మిగిలిన ముప్ఫై మంది పిల్లలూ అడుగున వరుసలు కట్టి ఉన్నారు. తర్వాత షాపతన్ని అడిగితే, అన్నిట్లోకీ ఆ ఫొటోయే స్పష్టంగా వచ్చిందని, అందుకే పెద్దగా వేశానని చెప్పాడు.

చాయ్ హోటల్ కిష్టవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఫ్లెక్సీ కింద నిలబడి ఉంది. పప్పు మంచిగ వండినందుకు కూడా మార్కులు ఇస్తుండ్రా సారూ అని నన్ను అడిగింది. జనం మళ్ళీ నవ్వారు.

నేను హెడ్మాస్టర్ గదికి పరుగెత్తాను. మేడం అప్పటికే చూసినట్టున్నారు. కుర్చీలో కూర్చోకుండా బల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. తలుపు వెయ్యమన్నారు. షాపువాడి పొరపాటని నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"పొరపాటు షాపోనిది గాదు సార్, నాది. ఆమెకు ఇద్దామని మార్కులు రాసి పెట్టిన ఫొటో పిల్లల ఫొటోల నడుమ ఉండె, నేను చూసుకోలే. మీరు లెక్క వెట్టుకోలే. గని అండ్ల రాసింది అబద్ధం గాదు. దేవవ్వ ఓపెన్ స్కూల్ల టెన్త్ పాసయింది."

నేను బల్లకు ఇవతల ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాను.

మేడం గబగబా చెప్పారు. దేవవ్వ చిన్నప్పుడు ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత ఇంట్లో బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టారు. రెండేళ్ళ కిందట మనవరాలికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్ళినప్పుడు, పిల్ల చేతిలో పలక చూసి ఆశ పుట్టిందట. వచ్చి మేడంను అడిగింది. లెక్కలకు బదులు గృహవిజ్ఞానం తీసుకోవచ్చు, తేలికగా ఉంటుందని మేడం సలహా ఇచ్చారు. ఆ పని ఇంట్లో రోజూ చేస్తూనే ఉన్నాను, దానికి మళ్ళీ పరీక్ష ఎందుకంది దేవవ్వ. లెక్కలే తీసుకుంది. మొదటిసారి రెండు సబ్జెక్టులు పోయాయి. ఈసారి అన్నీ గట్టెక్కాయి. లెక్కల్లో నలభై ఒకటి. ఇంటాయనకు తెలిస్తే ఎగతాళి చేస్తాడని, సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని మేడంతో ఒట్టు వేయించుకుంది.

లెక్కలు ఎవరు చెప్పారని అడిగాను. కొంచెం నొచ్చుకుంటూనే అడిగాను.

"మీరే గదా సార్. పదకొండేండ్ల సంది కిటికీ అవుతల కూసొని ఇంటున్నది. నేను ఉత్తగ దిద్దిన."

ఇంతలో మేడం ఫోను మోగింది. డీఈఓ గారి కారు దారి తప్పి పక్క ఊరి పత్తి మిల్లు దగ్గర ఆగిపోయిందట. ఎదురెళ్ళి తీసుకురావాలి. తాను వచ్చి దేవవ్వతో మాట్లాడతానని, అప్పటిదాకా ఏమీ చెయ్యొద్దని, ఎవరికీ ఏమీ చెప్పొద్దని మేడం నాతో మాట తీసుకుని వెళ్ళిపోయారు.

ఆమె అటు వెళ్ళగానే అంతయ్య ఇటు వచ్చాడు.

కొత్త తెల్ల చొక్కా, భుజం మీద జరీ అంచు కండువా, చేతిలో తొమ్మిది పేజీల ఉపన్యాసం. గేటు దగ్గర అందరూ తనను చూసి నవ్వుతుంటే, సభాధ్యక్షుడు కదా అని మొదట ఆయన కూడా నవ్వాడట. తర్వాత తలెత్తి చూశాడు. నా దగ్గరికి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. పిల్లల నడుమ తన భార్య బొమ్మ ఎందుకు వేశారని అడిగాడు. తన మీద ఏమైనా కోపం ఉంటే తనకే చెప్పాలి కానీ ఇంట్లో ఆడమనిషిని బజారులో పెట్టడమేమిటన్నాడు. నేను నోరు తెరవలేను. తెరవకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.

"డీఈఓ సారు వచ్చేటాలకు గా బొమ్మ కనవడొద్దు. గిది నా ఇజ్జత్ సవాల్" అన్నాడు అంతయ్య.

కమిటీవాళ్ళు ఇద్దరు ఆయనకు వంత పాడారు. మేడం వచ్చేదాకా ఆగుదామని నేను మెల్లగా అన్నాను కానీ ఆ మాటలో బలం లేదని నాకే తెలుస్తోంది. నేను పుట్టినప్పటినుంచీ గొడవలంటే భయపడే మనిషిని. చివరికి ఒక పెద్ద చార్టు మీద 'స్వాగతం' అని రాసి ఆ ఫొటో మీద అతికిద్దామని ఒప్పుకున్నాను. చార్టు దొరికింది, రంగులు దొరికాయి. గమ్ము సీసాలో అడుగున ఎండిన చుక్క ఒకటి ఉంది. అతికించడానికి మైదా పిండి ఉడికించిన లయి అయితే బాగా పడుతుందని లింగమూర్తి అన్నాడు. లయి ఎక్కడ దొరుకుతుందని అడిగితే వంటపాక వైపు చూపించాడు.

దేవవ్వ పొద్దున ఏడింటినుంచీ పొయ్యి దగ్గరే ఉంది. మూడు వందల మందికి బగారన్నం, ఆలుగడ్డ కూర. గేటు దగ్గరికి వెళ్ళనే లేదు. నన్ను చూసి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ లేచింది. కొంచెం లయి కావాలన్నాను.

"ఏమిటికి సారూ?"

ఒక కాగితం అతికించాలన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. చిన్న గిన్నెలో పిండి కలిపి, ఉండలు కట్టకుండా తిప్పుతూ, పక్క పొయ్యి మీద ఉడికించింది. నేను ఆ కిటికీ వైపు చూశాను. అక్కడ నిలబడితే నా తరగతి నల్లబల్ల మొత్తం కనబడుతుంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారైనా అటునుంచి ఇటు చూడలేదు.

"జర ఉప్పేసిన, చీమలు రావు" అంటూ గిన్నె నా చేతికిచ్చింది దేవవ్వ. "గట్టిగ అంటుతది సారూ, ఫికర్ జెయ్యకుండ్రి."

ఆమె ముఖం మీద ఆమె వండిన లయితోనే కాగితం అతికించి వచ్చాను. నా ఉద్యోగంలో అంతకన్నా సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు. అయితే కాగితం నిజంగానే గట్టిగా అంటుకుంది. అంతయ్య దూరంగా నిలబడి, దగ్గరగా నిలబడి చూసి, బాగుందన్నాడు. తర్వాత వేదిక మీదికి వెళ్ళి ఉపన్యాసం చదువుకుంటూ కూర్చున్నాడు.

మేము లెక్కలోకి తీసుకోనిది ఉప్పు. ఉప్పు వల్ల చీమలు రాలేదు నిజమే. మేకలు వచ్చాయి.

పదకొండింటికి డీఈఓ గారి కారు గేటు ముందు ఆగింది. ముందు సీట్లోంచి మేడం దిగారు. బ్యాండు కొట్టమని లింగమూర్తి చెయ్యి ఎత్తాడు. అందరం గేటు వైపు తిరిగాం. ఫ్లెక్సీ కింద ఒక నల్ల మేక వెనక కాళ్ళ మీద నిలబడి, కంచె మీద ముందరి కాళ్ళు పెట్టి, 'స్వాగతం' తింటోంది. అప్పటికే 'స్వా' పోయింది. దాని పక్కన ఇంకో మేక వంతు కోసం ఎదురుచూస్తోంది. చింపిన చోట దేవవ్వ ఒక కన్నూ, పెద్ద బొట్టూ బయటపడి వచ్చేవాళ్ళను చూస్తున్నాయి. ఎవరో అదిలిస్తే మేక మిగతా కాగితం పళ్ళతో పట్టుకుని పరుగెత్తింది. దాంతో మొత్తం ముఖం బయటికి వచ్చింది.

డీఈఓ గారు కాసేపు నిలబడి చూశారు. మేడం నన్ను చూశారు. నేను మేకను చూశాను.

సభ మొదలైంది. షామియానా కింద పిల్లలు, తల్లిదండ్రులు, అటు పక్క గోడకు ఆనుకుని కిష్టవ్వా ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళూ. దీపం వెలిగించాక డీఈఓ గారే మైకు దగ్గరికి వచ్చారు. ముప్ఫై ఒక్క మందినీ మెచ్చుకున్నారు. ల్యాబ్ బాగుందన్నారు. తర్వాత, గేటు దగ్గర మేక చేసిన ప్రారంభోత్సవం చూశాను, ఆ ఫొటోలో ఉన్న పెద్దమ్మ ఎవరో తెలుసుకోవచ్చా అని నవ్వుతూ అడిగారు.

మేడం లేవబోయారు. అంతకుముందే అంతయ్య మైకు అందుకున్నాడు.

"సార్, అది ప్రింటింగ్ మిస్టేక్. ఆమె మా ఇంటామె. మన బడిల వంట జేస్తది. ఏడో తరగతి కాన్నే ఆగింది సార్, సంతకం దప్ప ఇంకేం రాదు. షాపోడు ఎట్లనో ఏసిండు, మన్నించాలె."

లౌడ్‌స్పీకర్ వంటపాక కప్పుకే కట్టి ఉంది. ఆ మాటలు మాకన్నా ముందు దేవవ్వకే వినబడి ఉంటాయి. వేదిక వెనకనుంచి ఆమె వచ్చింది. చేతిలో కూర కలిపే గంటె అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక లింగమూర్తికి ఇచ్చింది. వేదిక ఎక్కలేదు. కింద నిలబడే మాట్లాడింది. మైకు లేకపోయినా అందరికీ వినబడింది, ఎందుకంటే ఎవరూ చప్పుడు చెయ్యడం లేదు.

"మిస్టేక్ గాదు సార్. గది నేనే. ఓపెన్ స్కూల్ల రాసిన. పాసైన."

అంతయ్య నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపాడు. మేడం వైపు చూశాడు. మేడం తల ఊపారు. ఆయన అప్పుడు కూర్చుని ఉంటే సరిపోయేది. కానీ చేతిలో మైకు ఉంది, ఎదురుగా ఊరంతా ఉంది.

"టెన్త్ పాసైనవా. అయితే ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏందో చెప్పు."

దేవవ్వ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నా గొంతుతో, అంటే నేను తరగతిలో సాగదీసే రాగంతోనే, చెప్పింది.

"ఏ స్క్వేర్, ప్లస్ టూ ఏ బీ, ప్లస్ బీ స్క్వేర్."

పిల్లలు గొల్లుమన్నారు, ఆ రాగం వాళ్ళకు బాగా తెలుసు. అంతయ్య మాత్రం కదల్లేదు. అది ఒప్పో తప్పో ఆయనకు తెలియడం లేదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మెల్లగా నా వైపు తిరిగాడు. ఒప్పేనని నేను తల ఊపాను. డీఈఓ గారు చప్పట్లు మొదలుపెట్టారు.

చప్పట్లు తగ్గాక కిష్టవ్వ గోడ దగ్గరనుంచి గొంతు విప్పింది. నువ్వు కూడా ఒకటి అడుగు దేవవ్వా, ఆయన పాత కాలపు టెన్త్ కదా, డిగ్రీతో సమానమని రోజూ మా హోటల్లో చెబుతాడు అంది. మిగతా ఆడవాళ్ళు అడుగు అడుగు అన్నారు. దేవవ్వ భర్త వైపు చూసింది. అంతయ్య మైకు స్టాండును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. జేబులో పెన్నులు కదులుతున్నాయి, అంత గట్టిగా ఊపిరి తీస్తున్నాడు.

"ఆయన సదువుకున్నోడే గదా, ఆయన్నేమడుగుత" అంది దేవవ్వ. "అన్నం మాడుతది, నేను వోత."

గంటె తీసుకుని వెళ్ళిపోయింది. డీఈఓ గారు ఊరుకోలేదు. తానే వంటపాకకు వెళ్ళి, మేం తనకోసం తెచ్చిన శాలువా ఆమెకు కప్పి వచ్చారు. ఆమె ఆ శాలువా మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి మళ్ళీ గంటె పట్టుకుంది. సృజనను వేదిక మీద సన్మానించాం. ఆ పిల్ల రాసి తెచ్చుకున్నది చదివాక, చివర రాయనిది ఒకటి చెప్పింది. ప్రీఫైనల్ ముందు ఒక లెక్క రాక ఏడుస్తుంటే, అన్నం వడ్డిస్తూ దేవవ్వ చెప్పిందట, గుర్తు మారింది చూసుకో బిడ్డా అని. తాను ఏదో గాలివాటం మాట అనుకుందట. ఇంటికెళ్ళి చూస్తే నిజంగానే మైనస్ ప్లస్ అయిందట. అధ్యక్షోపన్యాసం వంతు వచ్చింది. అంతయ్య తొమ్మిది పేజీలను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, అందరూ భోజనం చేసి వెళ్ళాలని మాత్రం చెప్పాడు. ఆయన ఇచ్చిన ఉపన్యాసాలన్నిట్లో అదే బాగుందని కిష్టవ్వ అంది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి జమ్మికుంటలో మా ఇంటి వరండాలో కూర్చున్నాను. అంతయ్య బండి ఆగింది. నన్ను కొట్టడానికే వచ్చాడనుకున్నాను. కూర్చున్నాడు. వానలు ఆలస్యమయ్యాయన్నాడు. పత్తి గింజలు దొరకడం లేదన్నాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగాడు. చాలాసేపటికి పై జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోతున్న పాత మార్కుల మెమో. అందులో లెక్కలకు ఎదురుగా పంతొమ్మిది అని ఉంది. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో 'ఫెయిల్' అని.

ధర్మపురిలో పేపర్లో నంబరు వెతికి, లేదని తెలిసి, గోదావరి ఒడ్డున పొద్దంతా కూర్చుని, ఇంటికి వెళ్ళి పాసయ్యానని చెప్పాడట. వాళ్ళ బాపు ఊరంతా చక్కెర పంచాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ముప్ఫై నాలుగేళ్ళు గడిచిపోయాయి.

నిన్న సాయంత్రం అన్నం తింటూ దేవవ్వను అడిగాడట, అంతమంది అడగమన్నా నన్ను ఎందుకు అడగలేదని. ఆమె కూర వడ్డిస్తూనే చెప్పిందట. రెండేళ్ళ కిందట పరీక్ష ఫీజు కట్టడానికి ఆధార్ కార్డు వెతుకుతుంటే ఇనుప పెట్టె అడుగున ఈ మెమో దొరికిందట.

"సూసి మల్ల గట్లనే మడతవెట్టిన అన్నది సారూ" అన్నాడు అంతయ్య. "రెండేండ్లు. దినాం నేను నా టెన్త్ ముచ్చట చెప్తాంటే, ఆమె ఇనుకుంట అన్నం వెట్టింది. ఒక్క మాట అనలే."

నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చాను. తాగి, కండువాతో ముఖం తుడుచుకుని, అసలు విషయానికి వచ్చాడు.

"లెక్కలు నాకు వస్తయా సారూ, గీ వయసుల?"

వస్తాయో రావో నాకు తెలియదు. ఆదివారాలు రమ్మన్నాను. ఎవరికీ తెలియకూడదని ఆయన షరతు పెట్టాడు. భార్యకు కూడా. పత్తి గింజల కోసం జమ్మికుంట పోతున్నానని ఇంట్లో చెప్పాడు. గింజల కాలం అయిపోయాక ఎరువులన్నాడు, తర్వాత మార్కెట్ యార్డులో ధరలన్నాడు. నాలుగో ఆదివారం దేవవ్వ ఆయన బండికి టిఫిన్ డబ్బా తగిలించి పంపింది. అందులో ఇద్దరికి సరిపడా సకినాలు, పైన ఒక చీటీ. 'సారుకు నమస్కారం. ఈయనకు ఎక్కాలు సరిగ రావు, ముందు అవి అడగండి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అంతయ్య ఆ చీటీ రెండుసార్లు చదివి, అక్షరదోషం దొరుకుతుందేమోనని మూడోసారి చదివి, పన్నెండో ఎక్కం మొదలుపెట్టాడు.

అక్టోబరులో ఓపెన్ స్కూల్ పరీక్ష రాశాడు. లెక్కల్లో ముప్ఫై ఒకటి వచ్చాయి, మళ్ళీ పోయింది. నేను భయపడ్డాను కానీ ఆయన మాత్రం పంతొమ్మిదికన్నా పన్నెండు ఎక్కువ సారూ అన్నాడు. ఆ తీసివేత తప్పు లేకుండా చేశాడని సంతోషించాను. ఏప్రిల్‌లో మళ్ళీ రాశాడు. ఈసారి ముప్ఫై ఎనిమిది. పాస్.

అప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. యాభై ఏళ్ళు దాటాక టెన్త్ పాసైన సంగతి ఊళ్ళో చెప్పుకోకుండా ఉండడం అంతయ్య వల్ల అయ్యే పని కాదు. కానీ ఇప్పుడు పాసయ్యానని చెప్పాలంటే, అప్పుడు ఫెయిలయ్యానని ముందు ఒప్పుకోవాలి. రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. దేవవ్వ అప్పటికి ఓపెన్‌లోనే ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పుస్తకం మీంచి తల ఎత్తకుండా, నీ ఇష్టం, చెప్పకుంటే కూడా నేను ఎవరితోనూ అననని చెప్పిందట.

మూడో రోజు పొద్దున ఆయన కొత్త చొక్కా వేసుకుని కిష్టవ్వ హోటల్‌కు వెళ్ళాడు. నేను బడికి పోతూ అక్కడ చాయ్ తాగుతున్నాను. పది పన్నెండు మంది ఉన్నారు. అంతయ్య కూర్చోలేదు. గొంతు సవరించుకుని, పాత మెమో ఒక చేత్తో, కొత్త మెమో ఒక చేత్తో పట్టుకుని, మొదటినుంచీ చెప్పాడు. ధర్మపురి, పేపరు, చక్కెర, ఏదీ దాచలేదు. ఆయన తొమ్మిది పేజీల ఉపన్యాసాలకన్నా పొడుగ్గానే చెప్పాడు కానీ మధ్యలో ఎవరూ లేచిపోలేదు.

అంతా విన్న కిష్టవ్వ గ్లాసులు కడుగుతూనే, అయితే ఇన్నేళ్ళు నువ్వు దిద్దిన దరఖాస్తులన్నీ తప్పేనా అని అడిగింది.

"తెలుగుల డెబ్బై రెండు వచ్చినయి అప్పట్ల" అన్నాడు అంతయ్య, పాత మెమో ఆమె కళ్ళ ముందు పెట్టి. "సూసుకో."